మగ్గం మీద వేసిన నింద

చెన్నై,
జులై 6

అక్కా,

నీ ఉత్తరం, దాంతోపాటు నువ్వు పంపిన కలంకారీ దుప్పటా రెండూ చేరాయి. అంచున నెమళ్ళు నువ్వు కొట్టినవేనని చూడగానే తెలిసిపోయింది. పెదన మొత్తంలో అచ్చు అంత నిటారుగా కొట్టేది నువ్వొక్కదానివే.

ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని నీ మరిది భరత్ నన్ను ఏడిపిస్తూనే ఉన్నాడు. "మీ అక్కకి వినపడదు సరే, మెసేజ్ చదవడం వచ్చుగా" అంటాడు. మీ ఇంట్లో ఫోను నీ కూతురు దివ్యశ్రీ చేతిలో ఉంటుందనీ, నీకు పంపిన ప్రతి ముక్కా ముందు అది చదివాకే నీకు చూపిస్తుందనీ తనకేం తెలుసు? మనిద్దరికీ కవరే క్షేమం.

అసలు విషయం విను. డిసెంబరు ఇరవైన ముంబయిలో నా కచేరీ ఖాయమైంది! ఎనభై మంది వాయించే ఆర్కెస్ట్రా, అందరికీ ముందు పియానో దగ్గర నేను. పదేళ్ళుగా చర్చిల్లోనూ, స్కూళ్ళలోనూ, సగం కుర్చీలు ఖాళీగా ఉండే చిన్న హాళ్ళలోనూ వాయించుకుంటూ తిరిగాను. ముప్పై నాలుగేళ్ళకి వచ్చింది ఈ పిలుపు. ఇది బాగా జరిగితే వచ్చే ఏడాది బయటి దేశాల్లో ఆరు కచేరీలు. చెడితే మళ్ళీ నన్ను ఎవరూ పిలవరు.

ఒక వింత చెప్తాను, నవ్వుకో. లోకల్ రైల్లో ఎంత గోల ఉన్నా పక్కవాళ్ళ మాట నాకు స్పష్టంగా వినిపిస్తోంది. ఇంటికొచ్చి తలుపేసుకుంటే వంటింట్లోంచి భరత్ పిలిచింది వినపడటం లేదు. కావాలనే పలకడం లేదంటాడు. ఎడం చెవిలో సన్నగా హోరు కూడా ఉంది. నిద్ర చాలక అయి ఉంటుంది.

నీకు మొదట్లో ఎలా ఉండేదక్కా? ఏ చప్పుడు ముందు పోయింది? ఊరికే అడుగుతున్నాను.

నీ దుర్గ

*

పెదన,
జులై 14

దుర్గా,

ముంబయి సంగతి చదవగానే అచ్చుల షెడ్డులో ఆడవాళ్ళందరికీ చెప్పాను. నాలుగుసార్లు చెప్తే గాని వాళ్ళకి అందలేదు. నా గొంతు అంత చిన్నదట! వినపడనిది నాకా వాళ్ళకా? మీ బావ అయితే పనంతా ఆపి టీలు తెప్పించారు. రూతమ్మ టీచరుగారు బతికుంటే బందరు స్కూల్లో నీకు నేర్పిన ఆ పాత పియానో మీద చెయ్యేసి ఏడ్చేసేవారు.

ఇక నీ చెవి. ఆ హోరు గుబిలి అయి ఉంటుంది. పిన్నీసులూ అగ్గిపుల్లలూ పెట్టి కెలక్కు. ఎడమదేనా? కుడిదాంట్లో లేదుగా? పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా? నువ్వు మాట్లాడుతుంటే నీ గొంతు నీ తలలోనే మోగుతున్నట్టుంటోందా? నమిలేటప్పుడు? అన్నిటికీ లేదనే రాస్తావు, నాకు తెలుసు. అయినా రాయి. వెంటనే రాయి.

నాది టైఫాయిడ్ వల్ల అని నీకు వందసార్లు చెప్పాను. గుడివాడలో ఇరవై రోజులు మంచం మీద ఉన్నాను, లేచేసరికి చెవులు పోయాయి. ఏ చప్పుడు ముందు పోయిందో ఎవరికి గుర్తు? అమ్మదీ అమ్మమ్మదీ అంటావా, అది మగ్గం. నలభై ఏళ్ళు ఆ టకటకల మధ్య కూర్చుంటే ఏ చెవులు మిగుల్తాయి? ఆ భయంతోనేగా అమ్మ నిన్ను పదో ఏట మగ్గం గుంటలోంచి లేపి బందరు హాస్టల్లో పడేసింది! నువ్వు ఆ చప్పుడుకి దూరంగా పెరిగావు. నీకేం రాదు.

తలకి నూనె రాసుకో. రైళ్ళలో తిరగడం తగ్గించు. చిలకలపూడి వెళ్ళి పాండురంగస్వామికి మొక్కుకున్నాను. నీ కచేరీ కోసమే, ఇంక దేనికీ కాదు.

అక్క

*

చెన్నై,
ఆగస్టు 9

అక్కా,

ముంబయిలో రెండు రోజులు రిహార్సల్ జరిగింది. ఇది ఎవరికీ చెప్పలేదు, భరత్‌కి కూడా.

ఆర్కెస్ట్రాని నడిపించే పెద్దాయన నన్ను మూడుసార్లు ఆపారు. "ఎడమ చెయ్యి అంత బాదేస్తున్నారేమిటండీ, మిగతా వాద్యాలన్నీ మునిగిపోతున్నాయి" అన్నారు. నేను మెల్లగా వాయిస్తున్నాననుకుంటున్నాను! కింది స్వరాలు నాకు పక్కింట్లోంచి వస్తున్నట్టున్నాయి. అందని కొద్దీ చెయ్యి దానంతట అదే గట్టిగా పడుతోంది.

రెండో రోజు ఇంకా ఘోరం. ఒకచోట అందరూ ఆగిపోతారు. వయొలిన్ ఆవిడ ఒక్కత్తే చాలా సన్నగా ఒక వరస వాయిస్తుంది, దాని చివర నేను అందుకోవాలి. హాలంతా నిశ్శబ్దం. ఆవిడ చెయ్యి కదలడం కనిపిస్తోంది. వరస ఎక్కడిదాకా వచ్చిందో నాకు తెలియలేదు. ఆవిడ విల్లు దించేసి నా వైపు చూసింది. ఎనభై మందీ చూశారు. ఏసీ చలికి వేళ్ళు బిగుసుకున్నాయని ఏదో అబద్ధం చెప్పి తప్పించుకున్నాను.

చెవి డాక్టరుగారిని కలిశాను. ఆవిడ ఒకటే ప్రశ్న అడుగుతోంది. "మీ ఇంట్లో మగ్గం మీద కూర్చోకుండా చెవులు పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అమ్మ, అమ్మమ్మల సంగతీ నీ టైఫాయిడ్ సంగతీ చెప్పాను. ఇంకెవరూ లేరా అంది. అక్కని కనుక్కొని చెప్తానన్నాను.

బాగా గుర్తు తెచ్చుకుని రాయి. దీని మీద చాలా ఆధారపడి ఉంది.

దుర్గ

*

పెదన,
ఆగస్టు 18

దుర్గా,

ఎవరూ లేరు. ఎంత ఆలోచించినా ఎవరూ లేరు.

డాక్టర్లు వంద అడుగుతారు. అన్నిటికీ మన దగ్గర జవాబు ఉంటుందా? అమ్మ వైపు మిగిలింది నాగాయలంక పిన్ని ఒక్కతే. ఆవిడ కులాసాగా ఉంది. మొన్న చల్లపల్లిలో ఒక పెళ్ళిలో కనిపిస్తే గంటసేపు కబుర్లు చెప్పుకున్నాం. నిన్ను కూడా అడిగింది.

నువ్వు బలహీనంగా ఉన్నావు, అంతే. పాలు తాగు. ఆ వయొలిన్ ఆవిణ్ణి కాస్త గట్టిగా వాయించమని చెప్పు.

ఇవాళ పని సాగలేదు. కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టిన మంచి గుడ్డ మూడు గజాలు పాడుచేశాను. అచ్చు తప్పి పువ్వు మీద పువ్వు పడింది. మీ బావ ఏమైందని సైగ చేసి అడిగారు. ఎండ దెబ్బ అన్నాను.

అక్క

*

చెన్నై,
సెప్టెంబరు 2

నాగమల్లేశ్వరి గారికి,

నిన్న నాగాయలంక ఫోను చేశాను. పిన్ని కోడలు ఎత్తింది. పిన్నికి ఇవ్వమన్నాను.

"అదేంటి వదినా, అత్తయ్యకి ఫోను ఇవ్వమంటారు? ఆవిడకి వినపడక పదేళ్ళయింది కదా! మల్లేశ్వరి వదిన చెప్పలేదా?"

చెప్పలేదమ్మా అన్నాను.

పిన్ని ఏడో ఏట దత్తత వెళ్ళింది. జన్మలో మగ్గం గుంటలో కాలు పెట్టలేదు. నా పెళ్ళిలో బాజాల మధ్య నాతో చక్కగా మాట్లాడింది కాబట్టి నాకు అనుమానం రాలేదు. చల్లపల్లిలో వినపడని మీరిద్దరూ గంటసేపు ఏం కబుర్లు చెప్పుకున్నారు?

ఇంకో మాట. నేను జులైలో మొదటి ఉత్తరం రాసేనాటికే నా చెవి పరీక్ష రిపోర్టు నా బల్ల మీద ఉంది. నకలు ఇందులో పెట్టాను, చూసుకో. చెవి లోపల బియ్యపు గింజంత ఎముక ఒకటి ఉంటుంది. అది కదలకుండా బిగుసుకుపోయే జబ్బు. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. నిశ్శబ్దంలో వినపడక, గోలలో బాగా వినపడటం దాని గుర్తు. అమ్మ పది మగ్గాల మధ్య గుసగుస కూడా పట్టేసేది, ఇంట్లో పిలిస్తే పలికేది కాదు. అమ్మ చెవులు మగ్గానికి అలవాటు పడిపోయాయని మనం నవ్వేవాళ్ళం. మగ్గమే చెవులు తినేసిందనడానికి అదే సాక్ష్యం అనుకునేది ఊరంతా.

నువ్వే చెప్తావేమోనని అడిగాను. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అబద్ధం రాశావు. నీకు ఎప్పటినుంచి తెలుసు? ఆ టైఫాయిడ్ అయినా నిజమేనా?

నీ కూతురికి పరీక్ష చేయించావా? లేక దానికీ మగ్గం కథే చెప్పి పెంచుతున్నావా?

నాగదుర్గ

*

పెదన,
సెప్టెంబరు 15

దుర్గా,

నన్ను గారు అని రాశావు. అడగాల్సిందే అడిగావు. చెప్తాను.

టైఫాయిడ్ వచ్చిన మాట నిజం. చెవులు దాంతో పోయిన మాట అబద్ధం. అంతకు రెండేళ్ళ ముందునుంచే నాకు తగ్గుతూ వచ్చింది. గుడివాడ చెవి డాక్టరుగారు పరీక్ష చేసి, ఏం పని చేస్తావమ్మా అని అడిగారు. అచ్చులు కొడతానండీ అన్నాను. మగ్గం నేశావా? లేదండీ, అమ్మ నన్ను కూడా దగ్గరికి రానివ్వలేదు. ఆయన కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి నా ముందు పెట్టారు. "ఇది మగ్గం వల్ల కాదు. పుట్టుకతో మీ ఇంటి రక్తంలో ఉంది. చెల్లెలుంటే ఏటా చూపించండి. ముందే పట్టుకుంటే ఆపరేషన్ ఉంది."

పన్నెండేళ్ళయింది ఆ కాగితం చేతికి వచ్చి.

ఆ వారమే నీకు లండన్ సంగీత కళాశాలలో సీటు వచ్చింది. రూతమ్మ టీచరుగారు మిఠాయి పొట్లంతో మనింటికి వచ్చారు. నువ్వు గెంతుతున్నావు. ఈ మాట చెప్తే నువ్వు పియానో ముందు కూర్చున్న ప్రతిసారీ నీ చెవులు నువ్వే తడుముకుంటావు, ఇంకేం వాయిస్తావు అనిపించింది. వెళ్ళొచ్చాక చెప్దాంలే అనుకున్నాను. వచ్చాక నీ పెళ్ళి కుదిరింది. చెవిటి వంశం అంటారని నోరు కుట్టేసుకున్నాను. ఆ తర్వాత దివ్య పెద్దదైంది, దాని సంబంధాల భయం. ఎప్పటికప్పుడు ఒక కారణం దొరికేది.

అసలు కారణం రాయడానికి సిగ్గుగా ఉంది. అమ్మ. నిన్ను హాస్టల్‌కి పంపిన రోజు గుర్తుందా? నువ్వు బస్సు కిటికీలోంచి అమ్మ కొంగు పట్టుకుని వదల్లేదు. నీ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి పంపించింది. ఇంటికొచ్చి నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. అయిదో రోజు, "పోనీలే, దాని చెవులు బతికాయి" అని కంచం ముందు కూర్చుంది. పోయేదాకా అదొక్కటే అమ్మకి తృప్తి. మగ్గం కాదమ్మా, నువ్వు పిల్లని ఊరికే దూరం చేసుకున్నావు అని ఎలా చెప్పను? అమ్మకి చెప్పకుండా నీకెలా చెప్పను? అమ్మ పోయేసరికి దాచడం నాకు అలవాటైపోయింది.

నీ మంచికే చేశానని మాత్రం రాయను. అప్పుడే చెప్పి ఉంటే ఏటేటా చూపించుకునేదానివి, ఆ ఎనభై మంది ముందు అలా కూర్చునే గతి పట్టేది కాదు. తప్పు నాది.

గురువారం దివ్యని గుడివాడ తీసుకెళ్ళాను. ఇప్పటికి బాగానే ఉన్నాయన్నారు. బస్సులో దానికి అంతా చెప్పాను. అది ఫోను మీద రాసి చూపించింది. "దుర్గ పిన్నికి ఎందుకు చెప్పలేదమ్మా?"

ఒక నెల పైన నా దగ్గర్నుంచి ఉత్తరం రాదు. కంగారు పడకు. ఎందుకో తర్వాత రాస్తాను.

అక్క

*

చెన్నై,
అక్టోబరు 10

అక్కా,

నీ ఉత్తరం వచ్చాక వారం రోజులు నీకు తిట్లు రాసి చింపేశాను. కోపం ఇంకా పోలేదు. కానీ అడగడానికి నాకు ఇంకెవరున్నారు?

డాక్టరమ్మ ఎడం చెవికి ఆపరేషన్ అంటోంది. నవంబరు పదిన తేదీ ఇచ్చింది. బిగుసుకున్న ఎముక తీసేసి దాని బదులు వెంట్రుక లాంటి తీగ పెడతారు. నూటికి తొంభై మందికి బాగుపడుతుందట. ఒకరిద్దరికి ఉన్నది కూడా పోతుంది. పోతే తిరిగి రాదు. ఆ ఒకరిద్దరిలో నేనుంటే? పియానో మూసి తాళం వేసి, పిల్లలకి పుస్తకంలో స్వరాలు చూపిస్తూ బతకాలి. చేయించుకోకపోతే డిసెంబరు దాకా ఎలాగో లెక్క పెట్టుకుంటూ, వాళ్ళ చేతులు చూస్తూ నెట్టుకురావచ్చు. తర్వాత ఏడాదో, రెండేళ్ళో. కుడి చెవిలోనూ మొదలైందట.

పొద్దున్నే లేచి పియానోలో అన్నిటికంటే కింది మెట్టు ఒక్కటే మెల్లగా నొక్కి వింటున్నాను. నిన్నటంత ఉందా, తగ్గిందా? ఒకరోజు ఉన్నట్టే ఉంటుంది. ఒకరోజు నాలుగైదుసార్లు నొక్కినా తేలదు. భరత్‌కి అంతా చెప్పేశాను. పాపం, ఆఫీసుకి వెళ్ళకుండా గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తుంటాడు. నువ్వు భయపడినట్టుగా తను ఒక్క మాట కూడా అనలేదు. ముందే చెప్పి ఉంటే కాగితాలు ముందే చదువుకునేవాళ్ళం కదా అన్నాడు, అంతే.

సంతకం పెట్టాల్సిన కాగితం సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను. పెన్ను తీస్తాను, మళ్ళీ మూత పెట్టేస్తాను.

నువ్వెందుకు చేయించుకోలేదు? భయమేనా? నిజం రాయి. ఎందుకు ఉత్తరాలు ఆపేశావు? నీకేమైనా అయిందా?

దుర్గ

*

పెదన,
అక్టోబరు 28

దుర్గా,

సెప్టెంబరు ఇరవై ఆరున గుడివాడలో నేను ఆపరేషన్ చేయించుకున్నాను. కుడి చెవికి.

నువ్వు అడిగిన దానికి జవాబు, అవును, భయమే. పన్నెండేళ్ళు భయపడి ఆ ఛాయలకే వెళ్ళలేదు. నీ రిపోర్టు చూశాక, నీకంటే ముందు నేను ఆ బల్ల మీద పడుకుంటే అదేమిటో చూసి చెప్పొచ్చు కదా అనిపించింది. డాక్టరుగారు వద్దన్నట్టే మాట్లాడారు. "చాలా ఆలస్యమైందమ్మా, లోపల నరం కూడా దెబ్బతింది, ఆశ తక్కువ" అని రాసి చూపించారు. అయినా చెయ్యండి అన్నాను. మీ బావ నా మీద అలిగి రెండు రోజులు మాట్లాడలేదు.

నొప్పి పెద్దగా లేదు. మూడు రోజులు తల గిర్రున తిరిగింది, మంచం కోడు పట్టుకుని పడుకున్నాను. అంతవరకు నువ్వు భయపడక్కర్లేదు.

మొన్న ఇరవై అయిదున పరీక్ష చేశారు. రాలేదు దుర్గా. ఇదివరకు ఆ చెవికి ఉరుమైనా, లారీ హారనైనా అందేది. ఇప్పుడు అది కూడా లేదు.

ఈ ఉత్తరం రాయడానికి మూడు రోజులు పట్టింది. మొదటిరోజు వేరే ఉత్తరం రాశాను. వచ్చేసిందే, కాకి అరుపు వినపడుతోంది, దివ్య గొంతు అచ్చం అమ్మ గొంతులా ఉంది అని రాశాను. బాగా కుదిరింది. అది పంపితే నువ్వు ధైర్యంగా సంతకం పెట్టేస్తావు. నీ మేలు కోసమే కదా అనుకున్నాను. అంటించడానికి కవరు నాలిక దాకా వచ్చాక గుర్తొచ్చింది, పన్నెండేళ్ళ కిందట కూడా సరిగ్గా ఈ మాటే అనుకున్నాను. తీసుకెళ్ళి పొయ్యిలో వేశాను.

నీ రిపోర్టు నకలు డాక్టరుగారికి చూపించాను. నీది మొదట్లోనే ఉందనీ, నరం శుభ్రంగా ఉందనీ, నీదీ నాదీ ఒకటి కాదనీ మూడుసార్లు రాసి చూపించారు. ఆ కాగితం ఇందులో పెట్టాను. అది ఆయన మాట. నాకు జరిగింది మాత్రం ఇది.

చేయించుకోమని చెప్పను. వద్దనీ చెప్పను. నా మాట మీద నువ్వు ఏదీ చెయ్యకు.

అక్క

*

చెన్నై,
నవంబరు 3

అక్కా,

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, త్వరగా అందాలని.

నిన్ను ఎవరు చెయ్యమన్నారు? ఆ కాస్త ఉరుము చప్పుడు కూడా నా కోసం పోగొట్టుకుంటావా? చదివి ఎంత ఏడ్చానో భరత్‌ని అడుగు. పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు.

నువ్వు "వచ్చింది" అని రాసి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ప్రతి అక్షరాన్నీ అనుమానించేదాన్ని. నీ డాక్టరు మాటా, నా డాక్టరు మాటా ఏదీ నమ్మేదాన్ని కాదు. ఆ కాగితం సంచిలోనే ఉండిపోయేది. రాలేదని రాశావు. అందుకే నీదీ నాదీ ఒకటి కాదన్న మాట కూడా నిజమేనని నమ్మాను. ఈ పొద్దున సంతకం పెట్టి ఇచ్చేశాను.

ముంబయి వాళ్ళకీ ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. డిసెంబరు అయిదు దాకా చూస్తామన్నారు. అప్పటికి నా చెవి సంగతి తేలకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. సరేనన్నాను.

పదో తేదీ పొద్దున ఏడింటికి లోపలికి తీసుకెళ్తారు. నువ్వు తొమ్మిదో తేదీకల్లా వచ్చి, పరీక్ష చేసి చెప్పేదాకా ఇక్కడే ఉండాలి. విజయవాడలో రైలు మారాలి కదా, దివ్యని తోడు తెచ్చుకో. భరత్ స్టేషనుకి వస్తాడు.

ఆసుపత్రిలో ఇంకో కాగితం అడిగారు, ఫలితం ముందు ఎవరికి చెప్పాలని. అందరూ భర్త పేరు రాస్తారట. నేను నీ పేరు రాశాను. డాక్టరుగారు నీకు రాసి చూపిస్తారు. నువ్వే లోపలికి వచ్చి నాకు చెప్పాలి, ఏదైతే అది.

చాలా భయంగా ఉందక్కా. త్వరగా రా.

నీ దుర్గ